తెగులు మడికి వైద్యం

ప్రభుత్వ భూమిలో రోగం ఉండకూడదని పైనుంచి ఉత్తరువు వచ్చింది. మంచి ఉత్తరువే. రోగం ఉండాలని ఎవరంటారు? అన్ని చోట్లకూ పోయినట్టే అది మా ఊరి పక్కనున్న కంది పరిశోధనా కేంద్రానికి కూడా పోయింది. అక్కడే చిక్కు వచ్చి పడింది. ఆ కేంద్రంలో రోగాన్ని పెంచుతారు.

ఎందుకు పెంచుతారో చెప్పాలి. కందికి ఎండు తెగులని ఒకటుంది. చేను ఏపుగా ఎదుగుతుంది, పూతకొస్తుంది, చూసి మురుస్తాం. అంతలోనే మొక్క నిలువునా వాడిపోతుంది. కట్టె చీల్చి చూస్తే లోపల నల్లటి చారలుంటాయి. ఈ రోగం ఉండేది మట్టిలో. ఒకసారి దిగిందంటే ఏళ్ల తరబడి పోదు. మందు పోసి చేను దక్కించుకున్న రైతును నేను చూడలేదు. తట్టుకునే విత్తనం దొరకాలి, అంతే. ఏ విత్తనం తట్టుకుంటుందో తెలియాలంటే రోగం నిండా ఉన్న మట్టిలో వేసి చూడాలి. అందుకని కేంద్రంలో ఒక మూల తెగులు మడి పెట్టారు. మనం చేనుకు పెంట తోలినట్టు, వాళ్లు చచ్చిన కందికట్టెను ముక్కలు చేసి ఏటేటా ఆ మట్టిలో కలిపి దున్నేవారు. పరీక్షకు వచ్చిన రకాలను రెండేసి సాళ్లు వేసి, పక్కన ఒక సాలు మా ఊరి ఎర్రకంది వేసేవారు. ఎర్రకంది చావాలి. అది చస్తేనే మట్టిలో రోగం బాగున్నట్టు. అది చచ్చిన చోట పక్కసాలు నిలబడితే ఆ సాలులో సత్తా ఉన్నట్టు.

ఈ మడిని చూసుకునేది వకుళ మేడం. ఎప్పుడు చూసినా మోకాళ్ల దాకా మట్టే. మా నాలుగెకరాలు ఆ మడికి ఆనుకునే ఉన్నాయి. నడుమ ముళ్లకంచె. మేం వేసేది కూడా ఎర్రకందే. మా చేలో అక్కడక్కడ ఎండిపోయేది, మిగిలింది మేం తినేవాళ్లం. మేడం మడిలో పదిహేడో నంబరు అని ఒక రకం ఉండేది. సన్నగింజ, మట్టిరంగు, చూపుకు ఆనదు. కానీ వేసిన ప్రతిసారీ నిలబడింది. ఇంకొక్క పంట నిలబడితే రైతులకు ఇస్తామని మేడం అన్నది. మా ఇంటిది అనంతమ్మ ఆ మాట పట్టుకుని కూర్చుంది. రోజూ కంచె దగ్గరికి పోయి పదిహేడో నంబరును పలకరించి వచ్చేది.

“గిదొక్కటే ఎందుకు చస్తలేదు బిడ్డా? చాటుకేమన్న మందు పోస్తున్నవా?” అని ఒకనాడు అడిగింది.

“మందు కాదమ్మా. పుట్టుకతో వచ్చిన గుణం. దీని తల్లి మీ ఎర్రకందే. తండ్రి గుట్ట మీద దొరికిన అడవికంది. ఆ తండ్రి నుంచి వచ్చింది.”

“మరి ఎర్రకందికి ఎట్ల వస్తది?”

“రాదు. గింజలో లేనిది మనం పోస్తే రాదమ్మా. తల్లో తండ్రో ఇవ్వాలి.”

అనంతమ్మ నా వైపు చూసింది. “సమజైంది. ఈయన నోరు తెరవకపోవుడు మా చిన్నోనికి వచ్చింది సూడు, గట్ల. ఎన్ని కషాయాలు పోసినా పోలే.”

ఆ ఏడు కంది పూతలో ఉండగా ప్రత్యేకాధికారి త్రివిక్రమరావుగారు తనిఖీకి వచ్చారు. ఉత్తరువు అమలవుతున్నదా లేదా అని చూడటం ఆయన పని. కేంద్రం అధిపతి పరాంకుశంగారు గొడుగు పట్టుకుని వెంట నడిచారు. ఎండ లేదు, వాన లేదు. గొడుగు మాత్రం పట్టారు. నేను కంచెకు ఇవతల కలుపు తీస్తూ ఉన్నాను.

ప్రత్యేకాధికారి మడి ముందర ఆగి బోర్డు చదివారు. మళ్లీ చదివారు.

“తెగులు మడి. అంటే ప్రభుత్వ భూమిలో, ప్రభుత్వ వ్యయంతో, రోగ పోషణ జరుగుతున్నదన్న మాట.”

“పరీక్ష కోసం సార్,” అన్నది వకుళ మేడం. “రోగం లేకపోతే పరీక్ష చేయలేం.”

“అమ్మా, రోగమే లేకపోతే పరీక్ష అవసరమేముంది?”

నేను కొడవలి ఆపి ఆలోచించాను. మాట సూటిగానే ఉంది.

ఆయన ఎండిన సాలు దగ్గరికి పోయి కట్టెతో కదిపారు. “ఈ వరుస ఎందుకు మరణించింది?”

“అది చావాలి సార్. దాని పనే అది.”

“ఎప్పుడూ ఇదొక్కటే మరణిస్తున్నదా?”

“మొదటి నుంచీ ఇదే సార్.”

“ఇది ఘోరమైన వివక్ష. మిగిలిన రకాలకు వంతులు వేయరా?”

పరాంకుశంగారు గబగబా రాసుకున్నారు. మేడం మాత్రం ఓపికగా మొదటి నుంచి చెప్పుకొచ్చింది. పదిహేడులో తట్టుకునే జన్యువు ఉందని, ఎర్రకందిలో లేదని, అందుకే ఇది చచ్చి అది బతికిందని చెప్పింది.

“ఏదీ, ఆ జన్యువును చూపించండి.”

“కంటికి కనపడదు సార్. గింజ లోపల ఉంటుంది.”

“కనపడని వస్తువును నిల్వల్లో ఎలా చూపించారు?”

“చూపించలేదు సార్.”

“సరే. పదిహేడుకు మంజూరైన జన్యువు ఎర్రకందికి ఎందుకు మంజూరు కాలేదు? ఎవరు ఆపారు?”

ప్రత్యేకాధికారి చేతులు దులుపుకున్నారు. “పరాంకుశంగారూ, వచ్చే తనిఖీ నాటికి ఈ మడి సంపూర్ణ ఆరోగ్యం పొందాలి. లేదా మీరు సంజాయిషీ నోటీసు పొందాలి.”

మరునాటికి బోర్డు మీద ‘తెగులు’ పోయి ‘ఆరోగ్య’ వచ్చింది. చచ్చిన ఒక్కో మొక్కకు మరణ నివేదిక రాయమన్నారు. మేడం అన్నింటికీ ఒకటే కారణం రాసింది. అట్లా రాయకూడదట. ఇంత మంది ఒకే కారణంతో పోతే అంటువ్యాధి ప్రబలినట్టు అవుతుందట. అందుకని కొన్నింటికి వయోభారమని, కొన్నింటికి గాలిదుమారమని పరాంకుశంగారే దగ్గరుండి దిద్దించారు.

తర్వాత ‘ఆరోగ్య మడి సలహా సంఘం’ వేశారు. సంఘంలో ఒక రైతు ఉండాలని నియమం. చుట్టుపక్కల ఎవరు తక్కువ మాట్లాడతారని వాకబు చేస్తే అందరూ నా పేరే చెప్పారట. మూడో తరగతి దాకా చదివాను గనుక సంతకం వచ్చు. కూర్చోబెట్టి చాయ్, రెండు బిస్కెట్లు ఇచ్చేవారు.

మొదటి సమావేశంలో మడికి వైద్యం నిర్ణయమైంది. వేసవిలో మడి నిండా ప్లాస్టిక్ పట్టాలు కప్పి ఎండకు మట్టిని ఉడకబెట్టారు. తర్వాత మందు నీళ్లు పెట్టారు. అయినా అనుమానం తీరలేదు. చివరికి మోకాలి లోతున మట్టినంతా తవ్వి తీసేసి, వాగు ఒడ్డు నుంచి కొత్త మట్టి తెచ్చి పోశారు. పాతమట్టిని కేంద్రంలోనే ఒక వారగా కుప్ప పోసి, పెళ్లి షామియానా బట్ట కప్పారు. ఎవరన్నా అడిగితే అది వేదిక అని చెప్పమన్నారు.

మేడం ఆ కుప్ప పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయింది. “ఆ మట్టిని తయారు చేయడానికి ఇరవై ఏళ్లు పట్టింది పెద్దాయనా,” అన్నది. మా ఇంట్లో ముసలెద్దు పోయిన రోజు అనంతమ్మ కూడా అట్లాగే నిలబడింది.

వానలు పడ్డాయి. కొత్త మట్టిలో అన్ని రకాలూ మళ్లీ వేశారు. పూతకొచ్చింది, కాతకొచ్చింది. ఒక్క మొక్క చావలేదు. ఎర్రకంది కూడా చావలేదు. పరాంకుశంగారు రోజూ పొద్దున వచ్చి ఎర్రకందిని చూసి నమస్కారం పెట్టేవారు. మేడం ఆ దిక్కే రాలేదు.

కోతలయ్యాక సంఘం మళ్లీ కూర్చుంది. ప్రత్యేకాధికారి కూడా వచ్చారు. గోడ మీద బొమ్మ వేసి చూపించారు. ఏ రకం నిరుటికీ ఇప్పటికీ ఎంత అభివృద్ధి సాధించిందో అందులో ఉంది. ఎర్రకంది నిరుడు మొత్తం చచ్చింది, ఈసారి మొత్తం బతికింది. నూటికి నూరు శాతం అభివృద్ధి. పదిహేడో నంబరు నిరుడూ చావలేదు, ఈసారీ చావలేదు. అభివృద్ధి సున్నా.

“ఈ పదిహేడు ఎవరిది?” అని ప్రత్యేకాధికారి అడిగారు.

“నాది సార్,” అన్నది మేడం.

“ఇంత శ్రద్ధ తీసుకుని, ఇంత వ్యయం చేసి, మట్టి మార్చినా ఇది ఉన్నచోటనే ఉండిపోయిందే!”

“సార్, మట్టి మారింది. విత్తనం మారలేదు. రోగం లేని చోట అన్నీ బతుకుతాయి. ఎర్రకందిని ఏ రైతు చేలోనైనా వేసి చూడండి, మళ్లీ చస్తుంది.”

“అమ్మా, మంచి వాతావరణం కల్పిస్తే ఎవరైనా మారతారు. మీరు ఆ రకం మీద పగబట్టినట్టు మాట్లాడుతున్నారు.”

పరాంకుశంగారు గొంతు సవరించుకున్నారు. “రైతు ప్రతినిధి అభిప్రాయం కూడా తీసుకుందాం.”

అందరూ నా వైపు తిరిగారు. బిస్కెట్ నోట్లో ఉంది. మింగి చెప్పాను. “అది మా ఇంట్ల ఉన్నదే సార్. మా చేన్ల చస్తది.”

పరాంకుశంగారు తల ఊపి, పైకి చదువుతూ రాశారు. “ఈ రకం తమ ఇంటి మనిషి వంటిదనియు, చచ్చేదాకా తమ చేలోనే ఉంటుందనియు రైతు ప్రతినిధి భావోద్వేగంతో పేర్కొన్నారు.”

ఆ విధంగా ఎర్రకందికి ‘నిరోగి’ అని పేరు పెట్టి రైతులకు విడుదల చేయాలని తీర్మానమైంది. పదిహేడో నంబరును తిరస్కరించారు. వకుళ మేడంకు ఆఫీసు ముందర పూలకుండీల బాధ్యత అప్పగించారు. పరిశోధన కన్నా అది ప్రజలకు ఎక్కువగా కనపడే పని అని చెప్పారట.

కేంద్రానికి ‘ఉత్తమ ఆరోగ్య క్షేత్రం’ బహుమానం వచ్చింది. సభ పెట్టాలి. సభకు పెద్దలు వస్తారు. వస్తే షామియానా కింద ఏముందో చూస్తారు. అప్పుడు సంఘం అత్యవసరంగా కూర్చుని ‘సారవంతమైన మట్టి ఉచిత పంపిణీ’ అని ఒకటి మంజూరు చేసింది. కాగితం నా ముందర పెట్టారు. నాకు చదవడం వచ్చు గానీ నిదానం. మొదటి వరుస సగంలో ఉండగానే వేలు పెట్టి చోటు చూపించారు. సంతకం చేశాను.

ఇంటికి పోయేసరికి మా చేలో ట్రాక్టర్లున్నాయి. ట్రాలీలెత్తి మట్టి కుమ్మరిస్తున్నారు. అనంతమ్మ ఒక ట్రాక్టరుకు అడ్డం నిలబడి ఉంది.

“మంచి మట్టి పెద్దమ్మా. నల్లగ ఎట్లున్నదో సూడు. ఉత్తగనే ఇస్తున్నం,” అంటున్నాడు డ్రైవరు.

“ఎవడడిగిండు నిన్ను? నీ ఇంటి ముంగట పోసుకో!”

“నీ పెనిమిటి అడిగిండు. సంతకం గూడ పెట్టిండు.”

ఆమె నన్ను చూసింది. “నిజమేనా?”

నేను నేల చూశాను.

“అడుగుతున్నది మనిషినా, కంచె గుంజనా? నీకు బిస్కెట్లు గావాల్నంటే నేను కొనకపోదునా?”

చీకటి పడకముందే పని అయిపోయింది. కంచెకు అవతల రోగం లేదు. మొత్తం ఇవతలికి వచ్చింది. పక్క పొలం బుగ్గప్ప మట్టి నల్లగా ఉందని మురిసి, తనకూ నాలుగు ట్రాక్టర్లు పోయించుకున్నాడు.

సభ రోజు వంటమనిషి రాలేదు. గుగ్గిళ్లు ఉడకబెట్టడానికి అనంతమ్మను పిలిచారు. తిరస్కరించిన సరుకు గోదాములో ఉండకూడదని నియమం. పారేస్తే నష్టం కింద రాయాలి. అందుకని ఆ విత్తనాలన్నీ వంటశాలకు పంపారు. నేను నీళ్లు మోస్తూ అక్కడే ఉన్నాను. వకుళ మేడం బంతిపూల కుండీలు సర్దిస్తూ లోపలికి వచ్చింది. గుండిగ పక్కనున్న గోనెసంచిని చూసి ఆగిపోయింది.

“ఏ సంచి బిడ్డా అది?”

“పదిహేడమ్మా.”

అనంతమ్మ చేతిలో గరిటె ఆగింది. గుండిగలో నీళ్లు మరుగుతున్నాయి.

“ఉన్నదంత ఇదేనా?”

“ఇంతే. ఇంకెక్కడా లేదు.” “ఇరవై ఏళ్ల రోగం ఇప్పుడు మీ చేలో ఉందమ్మా. దాన్ని తట్టుకునే గింజ ఇదొక్కటే. నేను ఇవ్వలేను. నాకు ఇచ్చే హక్కు లేదు.”

“నిన్నెవరు ఇయ్యమన్నరు? నువ్వు పో, పోయి పూలు సర్దుకో.”

మేడం వెళ్లిపోయింది. అనంతమ్మ సంచి మూతి విప్పి, కొంగు పరిచి, దోసిళ్లతో తీసింది. నా వైపు చూడకుండానే, “వాకిట్ల నిలబడు. ఎవలన్న వస్తె దగ్గు. మాట్లాడుడు ఎట్లగూ రాదు,” అన్నది. కొంగు బొడ్లో దోపుకుని మిగిలింది గుండిగలో పోసింది.

సభలో గుగ్గిళ్లు అందరికీ పంచారు. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ వేసి తాలింపు పెట్టింది. ప్రత్యేకాధికారి రెండోసారి అడిగి పెట్టించుకున్నారు.

“చాలా రుచిగా ఉన్నాయే! ఏ రకం?”

“తిరస్కరించిన రకం సార్,” అన్నారు పరాంకుశంగారు.

“తిరస్కరించినదే ఇంత బాగుంటే, ఎంపిక చేసినది ఇంకెంత బాగుండాలి!” అని ఆయన మైకులో అన్నారు. చప్పట్లు కొట్టారు. నేను కూడా తిన్నాను. రుచి నిజంగానే బాగుంది.

నిరోగి విత్తనం జిల్లా మొత్తానికి కావాలి. కేంద్రంలో ఉన్నవి ఆ కొద్ది సాళ్ల గింజలే. మరి ఎట్లా? వాళ్లు మా ఊరికే వచ్చి ఇంటింటా ఎర్రకంది కొనుక్కుపోయారు. సంచులకు నింపి, పచ్చరంగు ముద్ర వేసి, మళ్లీ మాకే ఇచ్చారు. బుగ్గప్ప సంచి విప్పి చూసి తెల్లబోయాడు.

“అన్నా, ఇవి మా కందులే! మా ఇంటిది జొన్నలు సెరిగిన చాటలనే కందులు పోసిందని తిట్టిన. గవ్వే జొన్నలు ఇందుల ఉన్నయి సూడు!”

“మరి వేస్తవా?” అన్నది అనంతమ్మ.

“ఏం జేస్త వదినా? ఇంట్ల ఉన్నయి గూడ అమ్మితి.”

మా చేను సంగతి వేరు. రైతు ప్రతినిధి పొలం కనుక దాన్ని నిరోగికి ప్రదర్శన క్షేత్రంగా తీసుకున్నారు. ప్రత్యేకాధికారి రిబ్బను కత్తిరించి, కొత్త తువ్వాలు భుజాన వేసుకుని, గొర్రు పట్టుకుని నాలుగడుగులు నడిచారు. తక్కింది నేను నడిపాను. కంచె వారన రెండు సాళ్లకు విత్తనం చాలలేదు. సార్లు జీపు ఎక్కి పోయాక అనంతమ్మ కొంగుముడి విప్పింది. ఆ రెండు సాళ్లూ వంగి తన చేత్తోనే వేసింది. ఒక్కో గింజకు వేలితో ఒక్కో గుంత.

చేను బాగా వచ్చింది. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. పూతకొచ్చింది. ఒకనాడు పొద్దున నడిమధ్య నాలుగు మొక్కలు తలలు వాల్చాయి. తర్వాత ఒక మూల. తర్వాత ఎక్కడని చెప్పేది లేదు. నేను గట్టు మీద కూర్చుని చూశాను. చేయడానికేమీ లేదు. బుగ్గప్ప చేను కూడా పోయింది. జిల్లాలో ఇంకా చాలా పోయాయి. అనంతమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, ఏ గంపలో ఏముందో, ఏ నెల దాకా వస్తుందో చూసుకుంది. రేషన్ బియ్యం వస్తాయి. పప్పు రాదు. కట్టుబట్టా రాదు.

అందరం కలిసి కేంద్రానికి పోయాం. పరాంకుశంగారు కుర్చీలు వేయించి మర్యాదగానే మాట్లాడారు. “నిరోగిని రోగరహిత భూమిలో పరీక్షించాం. అది గెలిచింది. మీ భూముల్లో రోగం ఉన్నట్టు ఇప్పుడు తెలుస్తున్నది. అంటే మీ భూములు ఈ విత్తనానికి అర్హత పొందలేదు. లోపం భూమిదే కానీ విత్తనానిది కాదు.”

“ఆ రోగం మీరే మా చేన్ల పోసిన్రు గద సారూ!” అన్నాడు బుగ్గప్ప.

“మేము పోసింది సారవంతమైన మట్టి. కాగితంలో అట్లాగే ఉంది.”

వకుళ మేడం ఆదివారం నాడు మా చేను చూడటానికి వచ్చింది. ఎండిన నిరోగి కట్టె ఒకటి విరిచి, గోరుతో చీల్చి, నల్లచారలు చూసింది. తర్వాత కంచె వారనున్న రెండు సాళ్ల వెంట అటు చివరి దాకా నడిచింది, ఇటు చివరి దాకా నడిచింది. నిండా కాయలు. ఒక్క ఆకు వాలలేదు.

“నిలబడింది పెద్దాయనా! ఇంతకంటే గట్టి పరీక్ష ఎక్కడా జరగదు. చుట్టూ అంతా ఎంత చక్కగా చచ్చిందో చూడండి!” అన్నది. మొహం వెలిగిపోయింది. అప్పుడు అనంతమ్మను చూసింది. చేను చూసింది. తలకాయ దించుకుని, “క్షమించమ్మా,” అన్నది.

“నీదేమున్నది బిడ్డా. తిని పో,” అన్నది అనంతమ్మ.

తర్వాత నష్టపరిహారం లెక్క రాసుకోవడానికి వ్యవసాయ విస్తరణాధికారి వచ్చాడు. జగదీశ్వర్ అని మా దిక్కు పిల్లవాడే, కొత్తగా ఉద్యోగంలో చేరాడు. చేనంతా తిరిగి కంచె దగ్గర ఆగాడు.

“గివేంది తాతా, పచ్చగున్నయి?”

నేను ఎండిన కట్టె ఒకటి పీకి చేతికిచ్చాను.

అతను తల గోక్కున్నాడు. “రూలు కిరికిరిగ ఉన్నది తాతా. చేను మొత్తం ఎండితెనే నష్టం కింద రాయాలె. పచ్చటి మొక్క ఉంటె ‘నిలిచిన పైరు’ అని రాయాలె. నిలిచిన పైరుకు పైస రాదు.”

“నాలుగెకరాలు సచ్చింది కనబడ్తలేదా నీకు?” అన్నది అనంతమ్మ.

“నాకు కనబడ్తది అమ్మమ్మా. ఫారానికి కనబడది.” గొంతు తగ్గించాడు. “రెండు సాళ్లే గద. పీకెయ్యిన్రి. రేపు పొద్దుగాల మళ్ల వస్త. అప్పటికి పచ్చగ ఏం లేకుంటె మొత్తం నష్టమని రాస్త. మీకు ఏడాది గడుస్తది. నా మాటినున్రి.”

మంచివాడు. మా మేలు కోరే చెప్పాడు.

అతను పోయాక బుగ్గప్ప కూడా అదే చెప్పాడు. తన చేలో పచ్చటిదేమీ లేదు కాబట్టి అతనికి పూర్తి నష్టం రాశారు. “పీకెయ్యన్నా. కాయలు ఇంక ఎండలే, విత్తనానికి గూడ పనికి రావు. ఏడాది తిండి దిక్కు సూడు,” అన్నాడు.

అనంతమ్మ నన్ను అడిగింది. “ఏం జేద్దాం?”

ఆమె నన్ను అడగడం అరుదు. నేను గొడ్డలి తీసుకుని గట్టు దిక్కు పోయాను. తుమ్మకంప కొట్టి, ఈడ్చుకొచ్చి, ఆ రెండు సాళ్ల చుట్టూ కట్టాను. మేకలు దూరకుండా కింద రాళ్లు పెట్టాను. ఆమె వచ్చి కంపలు అందించింది.

పొద్దున జగదీశ్వర్ వచ్చి కంప చూశాడు, నన్ను చూశాడు.

“పచ్చగుందని రాయి బిడ్డా,” అన్నాను.

రాశాడు. ఆ కాగితం పైకి పోయింది. పైన అందరూ సంతోషించారు. జిల్లా అంతటా నిరోగి ఎండిపోయిందని వార్తలొస్తున్న వేళ, ప్రదర్శన క్షేత్రంలో పైరు నిలిచి ఉందని సాక్షాత్తు విస్తరణాధికారి సంతకంతో నివేదిక వచ్చింది మరి. వారం లోపల ప్రత్యేకాధికారి ఫోటో తీసేవాణ్ని వెంటబెట్టుకుని వచ్చారు. కంప తొలగించి ఆ రెండు సాళ్ల మధ్య నిలబడ్డారు. వెనక ఎండిన చేను ఫోటోలో పడకుండా పరాంకుశంగారు ఒక పచ్చటి బట్టను ఇద్దరు మనుషులతో పట్టించారు.

“మిగిలిన చేను సంగతి ఏం రాయాలి సార్?” అని ఆయన మెల్లిగా అడిగారు.

“రైతు యాజమాన్య లోపం.”

నన్ను పక్కన నిలబెట్టి నవ్వమన్నారు. ఆ ఫోటో మరుసటి సంవత్సరం కేంద్రం క్యాలెండరు మీద వచ్చింది. ‘నిరోగి: రైతు చేలో విజయగాథ’ అని రాశారు. ఆ ఏడు నిరోగి సంచులు పక్క జిల్లాలకు కూడా పోయాయి.

కాయలు ఎండాక రెండు సాళ్లూ కోసి, బట్ట మీద కొట్టి, చెరిగాం. ఒక కుండ నిండింది. ఆ ఏడు మా తిండి ఇబ్బందిగానే గడిచింది. పచ్చజొన్న గటక, చింతపులుసు. అనంతమ్మ నడుమ రెండుసార్లు కుండ మూత తీసి చూసింది. మళ్లీ పెట్టేసింది.

వానలకు ముందు బుగ్గప్ప వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. కాసేపు ఎద్దుల సంగతి మాట్లాడాడు, కాసేపు మబ్బుల సంగతి మాట్లాడాడు. చివరికి అన్నాడు.

“వదినా, గా కంచె పొంటి కంది దోసెడు పెడ్తవా?”

ఆమె నన్ను చూసింది. నేను తల ఊపాను. కుండ తెచ్చి అతని కండువాలో దోసెడు పోసింది. వెనకే ఇంకో ఇద్దరు వచ్చి గడప దగ్గర నిలబడ్డారు. వాళ్లకూ పోసింది. వాళ్లను చూసి మరొకరు వచ్చారు. సాయంత్రానికి మాకు నాలుగెకరాలు కాదు గదా, ఒక గుంటకు సరిపడా మిగిలింది.

బుగ్గప్ప గింజలను అరచేతిలో పోసుకుని దొర్లించి చూశాడు. “సన్నగింజ. మట్టి లెక్కనే ఉన్నది. దీని పేరేంది వదినా?”

“పేరు లేదు.”

“పేరు లేకుంటె ఎట్ల? రేపు ఎవలన్న అడిగితె ఏం జెప్పాలె? ఏదన్న మంచి పేరు పెడుదాం.”

“నీకు దండం పెడ్త, పెట్టకు,” అన్నది అనంతమ్మ. “పేరు పెడితె సార్లొస్తరు.”